‘సెట్’ లోపల కూర్చున్న అర్థం

[ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ల వీధి. కంసాలి చేతిలో కమ్మ, పట్టకారు కొసన ఎర్రరాయి.]

నమస్కారం. ఈ అన్న కమ్మలో రాయి పొదుగుతున్నాడు, చూడండి. ఇంగ్లీషులో ఈ పనిని సెట్ చేయడం అంటారు.

[పల్లెలో ఒక పెరడు. గంపలో గుడ్ల మీద కోడిపెట్ట.]

ఇది మా అవ్వ కోడి. ఇదీ పొదుగుతోంది. కోడిని ఇట్ల గుడ్ల మీద కూర్చోబెట్టడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా? అదీ సెట్ చేయడమే!

రాయికీ కోడికీ మనకు ఒకే మాట, వాళ్లకూ ఒకే మాట. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఒకే తీరున ఆలోచించినాయని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమైందో!

పాత ఇంగ్లీషులో ‘సెట్టన్’ అనే క్రియ ఉండేది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. మనకు తిను, తినిపించు ఉన్నట్టే.

[తెర మీద: 430]

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో ఈ క్రియకు 430 అర్థాలు, వాటి వివరణకు 60,000 మాటలు పట్టినాయి. తర్వాత ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటిపోయింది. ఇవన్నీ బట్టీ పట్టబోకండి. కూర్చోబెట్టడం అనే బొమ్మ ఒక్కటి మనసులో ఉంచుకోండి. విరిగిన ఎముకను సెట్ చేయడమంటే దాని చోట దాన్ని కూర్చోబెట్టడం. పొద్దుగూకడమూ సెట్టే, సూర్యుడు కిందికి దిగి కూర్చుంటాడు కదా.

మన ‘పెట్టు’ కూడా దీనికి దగ్గరగా నడుస్తుంది. అలారం పెడతాం, ముహూర్తం పెడతాం, రెండు చోట్లా సెట్ సరిపోతుంది. అన్నం పెట్టడం, పేరు పెట్టడం దగ్గర మాత్రం సరిపోదు. అక్కడ జాగ్రత్త.

[ఎర్రగుంట్ల. స్లాబు పోస్తున్న మేస్త్రీలు.]

ఇక్కడ సెట్ అంటే గట్టిపడడం. దీనికి లెక్క కూడా ఉంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్లు కలిపినాక 30 నిమిషాలలోపు బిగియడం మొదలుపెట్టకూడదు, పూర్తిగా బిగియడానికి 600 నిమిషాలు దాటనీయకూడదు. వెంటనే బిగిస్తే మేస్త్రీకి పని చేసే సమయం ఎక్కడ దొరుకుతుంది?

గ్లాసుల సెట్టు, సెట్ దోసె మాత్రం వేరే ఇంటివి. గుంపు అనే ఈ అర్థం పాత ఫ్రెంచి మీదుగా, లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. ఎంసెట్‌లోని సెట్టయితే అసలు మాటే కాదు. కామన్, ఎంట్రెన్స్, టెస్ట్ అనే మూడింటి మొదటి అక్షరాలు.

[మళ్లీ కంసాలి అంగడి. అన్న కమ్మను వెలుతురుకు పట్టి తిప్పుతాడు.]

కంసాలి: కూర్చుందిలే అన్నా, ఇంక కదలదు.