సాలీడు ముందు ఆరోసారి: చిన్న గేముల్లో చావు గురించి

[తెర మీద: పూర్తి నలుపు. గాలి చప్పుడు. చీకట్లో రెండు తెల్లని చుక్కలు వెలుగుతాయి.]

ఆ రెండు చుక్కలు ఒక పిల్లవాడి కళ్లు. గేమ్ పేరు లింబో. డెన్మార్క్‌లోని ప్లేడెడ్ అనే చిన్న స్టూడియో 2010లో విడుదల చేసింది. పిల్లవాడు అడవిలో కళ్లు తెరుస్తాడు, లేస్తాడు. ఏ బటన్ నొక్కాలో, ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. రంగుల్లేవు, మాటల్లేవు.

కొంత దూరం నడిచాక సాలీడు ఎదురవుతుంది. చెట్టంత సాలీడు. దగ్గరికి వెళితే ఒక కాలు నెమ్మదిగా పైకి లేస్తుంది, ఈటెలా దిగుతుంది.

[తెర మీద: సాలీడు కాలు దిగే క్షణం. చప్పుడు లేకుండా.]

మొదటిసారి ఆ కాలు దిగినప్పుడు కంట్రోలర్ నా చేతిలోంచి జారింది. రెండోసారి కూడా గుండె ఝల్లుమంది. మూడోసారి, కాలు ఎంతసేపటికి లేస్తుందో గమనించాను. నాలుగోసారి, చెట్టు మీద ఇనుప పళ్ల ఉచ్చు ఒకటి ఉందని తెలిసింది. ఆరోసారి వచ్చేసరికి నాకు సాలీడు కనిపించడమే మానేసింది. ఒక ఉచ్చు, కొన్ని కాళ్లు, ఒక లెక్క, అంతే. కాలు ఉచ్చులో పడాలంటే దాన్ని ఎక్కడికి లాగాలి?

ఒకే చోట, ఐదు నిమిషాల్లో, భయం కాస్తా పజిల్ అయిపోయింది. ఈ వీడియో మొత్తం ఆ ఆరోసారి గురించే. హారర్, ప్లాట్‌ఫార్మర్ (అడ్డంకులు, గోతులు దూకి దాటుతూ సాగే ఆట), పజిల్ అని మనం మూడు అరలు కట్టుకున్నాం కదా, వాటి మధ్య అసలైన తేడా బొమ్మల్లోనో కథలోనో లేదని నా అభిప్రాయం. ఆటలో చనిపోతే ఏమవుతుంది అన్న దగ్గరే ఉంది. చిన్న గేముల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. అరవై గంటల ఆటలో చావు ఎక్కడో ఒక మూల పడి ఉంటుంది. రెండు గంటల ఆటలో దాన్ని దాచడానికి చోటుండదు.

[తెర మీద: వీవీవీవీవీవీ. చిన్న నీలిరంగు మనిషి నేల నుంచి కప్పుకు, కప్పు నుంచి నేలకు పడుతుంటాడు.]

ముందు ప్లాట్‌ఫార్మర్. టెర్రీ కావనా 2010లో చేసిన ఈ ఆట పేరులో ఆరు "వీ"లున్నాయి. ఎన్ని పలికానో లెక్క తప్పితే క్షమించండి. ఇందులో దూకడం అనేదే లేదు. బటన్ నొక్కితే గురుత్వాకర్షణ తలకిందులవుతుంది, మీరు వెళ్లి కప్పుకు అతుక్కుంటారు. మళ్లీ నొక్కితే కింద పడతారు. ఈ ఒక్క ఊహ మీదే ఆట మొత్తం నడుస్తుంది.

ఒకచోట మోకాలెత్తు దిమ్మె ఒకటి అడ్డం ఉంటుంది. మామూలు ఆటలో అయితే ఒక గెంతుతో దాటేస్తారు. ఇక్కడ గెంతు లేదు కాబట్టి దాని అవతలికి చేరడానికి పైకి పడుతూ గదుల వెంట గదులు దాటాలి, ప్రతి గదిలోనూ ముళ్లు తప్పించుకోవాలి, ఆఖరున తిరగబడి అదే దారిలో కిందికి రావాలి. ఎన్నిసార్లు చచ్చానో చెప్పను. కానీ ఒక్కసారి కూడా విసుగు రాలేదు. ఎందుకంటే ముల్లు గుచ్చుకున్న మరుక్షణమే మొదటి చోట నిలబడి ఉంటాను. "మీరు ఓడిపోయారు" అనే తెర లేదు, ఎదురుచూపు లేదు. సంగీతం ఆగదు. చావు ఇక్కడ ఊపిరి తీసుకునే విరామం లాంటిది.

అదే ఏడాది వచ్చిన సూపర్ మీట్ బాయ్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. లెవెల్ గెలవగానే మీరు చచ్చిన ప్రయత్నాలన్నిటినీ ఒకేసారి, ఒకే తెర మీద ఆడించి చూపిస్తుంది.

[తెర మీద: ఎర్రటి ముక్కల గుంపు ఒకేసారి పరుగెడుతుంది. రంపాల దగ్గర ఒక్కొక్కటిగా రాలిపోతుంది. చివరికి ఒక్కటే మిగులుతుంది.]

నలభై మంది నేనులు బయలుదేరి, ఒక్క నేను చేరడం. సిగ్గుపడాల్సిన లెక్కను పండగ చేశారు. నాకు ఆట కంటే ఈ రీప్లేలే ఎక్కువ ఇష్టం అని ఒప్పుకుంటాను.

సెలెస్ట్ గురించి ఒక మాట. 2018లో వచ్చిన పెద్ద ఆటను చిన్నదని అనలేం. కానీ దాని విత్తనం మాత్రం నాలుగు రోజుల్లో పికో-8 అనే, బుల్లి ఆటలు కట్టే సాఫ్ట్‌వేర్ మీద చేసిన ఆట. పెద్ద ఆటలో ఆటగాడికి తెలియకుండా చేసే సాయం ఒకటుంది. అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయాక కూడా సెకనులో పదో వంతు సేపు దూకనిస్తుంది. దీనికి "కొయోటే టైమ్" అని పేరు. కొండ అంచు దాటాక కూడా కాసేపు గాల్లో నడిచి, కిందికి చూశాకే పడిపోయే కార్టూన్ నక్క జాతి జంతువు పేరు మీద వచ్చింది. ఆటగాడి కన్ను, వేలు ఒకేసారి కదలవు. ఆ ఎడాన్ని ఆటే భరిస్తుంది. ప్లాట్‌ఫార్మర్‌లో చావు న్యాయంగా అనిపించాలంటే అది కొంచెం అన్యాయంగా, మన వైపు మొగ్గి ఉండాలన్నమాట.

[తెర మీద: బాబా ఈజ్ యూ. అక్షరాల దిమ్మెలను తోస్తున్న తెల్లని జంతువు.]

పజిల్‌లో చావు సంగతి వేరు. ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వి తెయికారి చేసిన ఈ ఆట 2017లో ఒక గేమ్ జామ్‌లో (కొద్ది రోజుల్లోనే ఆట చేసి చూపించే పోటీలో) పుట్టి, 2019లో పూర్తి రూపంలో వచ్చింది. ఇందులో నియమాలే తోయదగిన దిమ్మెలు. "గోడ", "ఈజ్", "అడ్డు" అని మూడు దిమ్మెలు వరసగా ఉంటే గోడ అడ్డుకుంటుంది. ఒక దిమ్మెను పక్కకు తోస్తే వాక్యం విరిగి, గోడలోంచి నడిచిపోవచ్చు. "బాబా ఈజ్ యూ" అనే వాక్యాన్నే విరగ్గొట్టారనుకోండి, ఇక ఆ తెర మీద మీరు లేరు. ముల్లు గుచ్చుకోలేదు, ఎవరూ కొట్టలేదు. వ్యాకరణ దోషంతో పోయారు. ఒక్క బటన్‌తో వెనక్కి రావచ్చు, కాబట్టి భయం లేదు, నవ్వు వస్తుంది.

పక్కదారి అయినా చెప్పకుండా ఉండలేను. తెలుగులో ఈ ఆట కట్టడం చాలా కష్టం. మనకు ఆ మధ్య దిమ్మె అక్కర్లేదు. "గోడ అడ్డు" అంటే చాలు, వాక్యం పూర్తయిపోతుంది. రెండు దిమ్మెలు పక్కపక్కన పడితే చాలు నియమం పుట్టేస్తే, పాపం ఆ ఆటలో నడవడానికే చోటుండదు.

జోనాథన్ బ్లో 2008లో తెచ్చిన బ్రెయిడ్ అయితే చావునే రద్దు చేసింది. పడిపోతే బటన్ పట్టుకుని కాలాన్ని వెనక్కి తిప్పడమే. తప్పు చేయడానికి ఖర్చు లేకపోతే సవాలు ఎక్కడుంటుంది? ఆలోచనలో ఉంటుంది. ప్రతి లోకంలో కాలం కొత్త పద్ధతిలో నడుస్తుంది, ఆ పద్ధతిని పట్టుకోవడమే పని. ఇక 2017లో వచ్చిన గోరోగోవాలో చనిపోవడానికి మనిషే మన చేతిలో లేడు. నాలుగు గళ్లు, వాటిలో చేత్తో గీసిన బొమ్మలు, ఒకదాని మీద ఇంకోటి పెడితే తలుపు తెరుచుకుంటుంది. రెండు గంటల్లో అయిపోతుంది. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి చూశాను, ఆడలేదు.

[తెర మీద: తుప్పు పట్టిన ఇనుప గది. ఒక మ్యాప్, కొన్ని బటన్లు. కిటికీ లేదు.]

ఇప్పుడు హారర్. నా ఫిర్యాదంతా ఇక్కడే.

దెయ్యం మనల్ని పట్టుకునే వరకే దెయ్యం. పట్టుకుని, చంపి, మళ్లీ గది తలుపు దగ్గర నిలబెట్టిందా, అప్పటి నుంచి అది గడియారం. ఎడమ నుంచి వస్తుంది, ఎనిమిది సెకన్లు ఆగుతుంది, కుడికి వెళుతుంది. ఆటగాడు తలుపు చాటున సెకన్లు లెక్కపెడుతున్నాడంటే హారర్ అయిపోయినట్లే. ప్లాట్‌ఫార్మర్‌కు ప్రాణం పోసిన ఆ "మళ్లీ" అన్న మాటే హారర్ ప్రాణం తీస్తుంది.

అందుకే మంచి చిన్న హారర్ గేములు చావును పిసినారిలా వాడతాయి. డేవిడ్ షిమాన్‌స్కీ 2022లో చేసిన ఐరన్ లంగ్ ఉదాహరణ. గంట, గంటన్నర ఆట. నెత్తుటి సముద్రం అడుగున ఒక బుల్లి జలాంతర్గామి. లోపల మీరు. ముందున్న కిటికీ మూసేశారు. మ్యాప్ మీద అంకెలు చూసుకుంటూ, బటన్లు నొక్కుతూ గుడ్డిగా నడపాలి. దగ్గర్లో ఏదైనా ఉంటే సెన్సర్ పిప్ పిప్ అంటుంది. అది గోడా, ఇంకేదన్నానా తెలియదు. తెలియాలంటే వెనక్కి నడిచి, కెమెరా బటన్ నొక్కి, మసకమసకగా ఒక ఫొటో తెర మీదికి వచ్చే దాకా ఆగాలి.

ఆ ఆగడం ఉంది చూశారా, అదే ఆట. కదిలే బొమ్మ లేదు, ఫొటో మాత్రమే. ఫొటోలో ఏదైనా కనిపించిందంటే అది అప్పటి మాట. ఇప్పుడు అది ఎక్కడుంది? తీసిన ఫొటోను నమ్మలేక మళ్లీ తీశాను. మొదటి దానిలో ఉన్నది రెండో దానిలో లేదు. ఎవరూ నా మీదికి దూకలేదు, అయినా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

[తెర మీద: అనాటమీ. చీకటి ఇల్లు, బల్ల మీద టేప్ రికార్డర్.]

కిట్టీ హారర్‌షో 2016లో చేసిన అనాటమీలో తరిమే శత్రువు కూడా లేడు. ఖాళీ ఇంట్లో క్యాసెట్లు వెతికి వినడమే పని. కాసేపటికి ఆట తనంతట తానే మూసుకుపోతుంది. పాడైందేమో అనుకుని మళ్లీ తెరుస్తారు. ఇల్లు మునుపటిలా ఉండదు. ఇక్కడ చచ్చి మళ్లీ మొదలయ్యేది మీరు కాదు, ఆటే. ఇంతకంటే తెలివైన చావును నేను ఇంకా చూడలేదు.

2012 నాటి స్లెండర్: ది ఎయిట్ పేజెస్‌ను కూడా ఈ వరసలో నిలబెడతాను. అడవి, టార్చి, ఎనిమిది కాగితాలు, అంతే. దాన్ని అనుకరించినవి మాత్రం చాలావరకు ఉలిక్కిపడేలా చేసే చప్పుడునే తీసుకుని, నిశ్శబ్దాన్ని వదిలేశాయి.

చిన్న హారర్ అనగానే ఈమధ్య మొదటి ప్లేస్టేషన్ కాలం నాటి బొమ్మలే కనిపిస్తున్నాయి. గోడలు వణుకుతాయి, నేల మీది గళ్లు వంకర్లు పోతాయి. ఆ యంత్రం బొమ్మల మూలలను పూర్తి పిక్సెళ్ల మీదే నిలపగలిగేది, దూరాన్ని బట్టి గీతలను సరిదిద్దే శక్తి దానికి లేదు. అప్పటి లోపం ఇప్పటి అలంకారం. మొదట్లో నాకూ నచ్చింది. వణుకుతున్న గోడ వెనక ఏమీ లేదని ఐదారు ఆటల్లో తెలిశాక మోజు తీరింది.

[తెర మీద: ఇన్‌సైడ్. ఎర్ర చొక్కా పిల్లవాడు, వెనక కుక్కలు.]

మళ్లీ ప్లేడెడ్ దగ్గరికి వద్దాం. సాలీడు ఆరోసారికి లెక్కగా మారిపోయే సమస్య వాళ్లకూ తెలుసనుకుంటాను. 2016లో వచ్చిన ఇన్‌సైడ్‌లో దాని మీద పని చేశారు. ధ్వనులు సమకూర్చిన మార్టిన్ స్టిగ్ ఆండర్సన్, శబ్దాలను నిజమైన మనిషి పుర్రె గుండా పంపి రికార్డు చేశారు. మన గొంతు మనకు ఎముకల గుండా వినిపిస్తుంది కదా, అలాంటి ధ్వని కోసం. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది ఇంకోటి. పిల్లవాడు చనిపోయి మళ్లీ నిలబడినా, చాలా చోట్ల ధ్వని మొదటికి రాదు, సాగిపోతూనే ఉంటుంది. చూపు వెనక్కి వెళ్లింది, చెవి వెళ్లలేదు. అందుకే రెండోసారి రెండోసారిలా అనిపించదు. కుక్కలు నన్ను ఒకేచోట నాలుగుసార్లు చీల్చినా నేను సెకన్లు లెక్కపెట్టలేదు.

అలాగని లింబోను తక్కువ చేయను. రెండో సగంలో యంత్రాలు, తలకిందులయ్యే గదులు వచ్చాక అది ఉత్త పజిల్‌గా ఎండిపోయిన మాట నిజమే. కానీ మొదటి సగంలో సాలీడు కథ ఇంకా మిగిలే ఉంది. ఆడని వాళ్లు ఇక్కడ వీడియో ఆపేయండి, చివర చెప్పేస్తున్నాను.

[తెర మీద: ఒంటి కాలితో ఈడ్చుకుంటూ వస్తున్న సాలీడు.]

కాళ్లన్నీ పోయి ఒక్కటే మిగిలాక, సాలీడు మళ్లీ ఎదురవుతుంది. ఈసారి అది మనల్ని ఏమీ చేయలేదు. ముందు ముళ్ల గొయ్యి, దాటడానికి దారి లేదు. చుట్టూ చూశాను, తోయడానికి పెట్టె లేదు, లాగడానికి తాడు లేదు. ఉన్నది సాలీడు ఒక్కటే. దాని ఆఖరి కాలు పట్టుకుని లాగాను. ఊడి వచ్చింది. మొండెం బంతిలా ఉంది.

దొర్లించి గొయ్యిలో వేశాను. దాని మీద కాలు పెట్టి అవతలికి దూకాను.

[తెర మీద: పిల్లవాడు నడిచి వెళ్లిపోతాడు. కెమెరా కదలకుండా ముళ్ల మీద ఉన్న మొండెం దగ్గరే ఆగుతుంది. గాలి చప్పుడు.]