చిన్న పెట్టెను తిట్టాను, తప్పు నాదే! | హోమ్ థియేటర్ మినీ పీసీ రివ్యూ

అందరికీ నమస్తే. ముందు ఈ పది సెకన్లు చూడండి. కెమెరా కొండ అంచు మీదుగా ఎడమ నుంచి కుడికి మెల్లగా తిరుగుతోంది. చెట్లు జారాల్సింది పోయి గెంతుతున్నాయి, చూశారా? ఇదిగో ఇక్కడ బొమ్మ ఆగింది, మాట మాత్రం ముందుకెళ్లిపోయింది. టీవీ వెనక తగిలించుకునే ఈ అరచేతి సైజు మినీ పీసీ మొదటి రోజు చూపించిన సినిమా ఇది.

ఆ రాత్రే రివ్యూ స్క్రిప్ట్ కూడా రాసేసుకున్నా. "సినిమాలకి పనికిరాదు, దూరంగా ఉండండి" అని. అది రికార్డ్ చేసి పెట్టేసుంటే ఇవాళ మీ ముందు తల ఎత్తుకోలేకపోయేవాణ్ణి. ఈ గెంతుల విషయంలో పెట్టెలో ఏ లోపమూ లేదు. లోపాలన్నీ దాని చుట్టూ ఉన్నాయి. ఒకటైతే అచ్చంగా నేను చేసిందే. అందుకే ఇవాళ పెట్టె గురించి తక్కువ, వీడియో ఎందుకు స్టక్ అవుతుందో ఎక్కువ మాట్లాడతా. మీ టీవీ వెనక వేరే పెట్టె ఉన్నా ఇదంతా పనికొస్తుంది.

లోపల ఉన్నది ఇంటెల్ ఎన్100. 2023లో వచ్చిన చిప్, 4 కోర్లు, 6 వాట్లు. దానికి 8 జీబీ ర్యామ్. ఇంత బక్క ప్రాణం 4కె సినిమా ఏం మోస్తుంది అని మీకు డౌట్ రావచ్చు. నాకూ వచ్చింది. కానీ సినిమా మోయడం అసలు సీపీయూ పని కాదు. 4కె అంటే ఒక్కో ఫ్రేమ్‌లో దాదాపు 83 లక్షల చుక్కలు. అవన్నీ చుట్టచుట్టి, నొక్కిపెట్టి ఫైల్‌లో దాస్తారు. దాన్ని విప్పడానికి గ్రాఫిక్స్ భాగంలో ప్రత్యేకంగా ఒక చిన్న యంత్రాంగం ఉంటుంది. హార్డ్‌వేర్ డీకోడర్ అంటారు. అది పని చేస్తుంటే సీపీయూ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. అది పని చేయకపోతే ఆ బరువంతా సీపీయూ నెత్తిన పడుతుంది.

మరి అది పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? విండోస్‌లో అయితే సినిమా ఆడుతుండగానే టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి, ఎడమ పక్క కింద జీపీయూ మీద నొక్కండి. "వీడియో డీకోడ్" అని ఒక గ్రాఫ్ ఉంటుంది. అందులో గీత కదులుతుంటే డీకోడర్ పని చేస్తున్నట్టే. అది నేలకి అతుక్కుపోయి, పైన సీపీయూ 90 దాటి ఉంటే, దొంగ దొరికినట్టే.

నేను తెరిచినప్పుడు ఇంకా వింత. ఇదిగో ఆ రోజు తీసుకున్న స్క్రీన్‌షాట్. సీపీయూ 97 శాతం. దాని కింద మెమరీ ఉంది, డిస్క్ ఉంది, ఈథర్నెట్ ఉంది. జీపీయూ అన్న వరసే లేదు! డివైస్ మేనేజర్‌లో చూస్తే డిస్‌ప్లే అడాప్టర్స్ కింద "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది. అంటే విండోస్‌కి, గ్రాఫిక్స్ భాగానికి మధ్య దుబాసీలా పనిచేసే గ్రాఫిక్స్ డ్రైవరే లేదు, తెర మీద బొమ్మ కనిపించడానికి సరిపడా తాత్కాలిక ఏర్పాటు మాత్రమే ఉంది. ఇదెవరి నిర్వాకం అంటారా? నాదే. పెట్టె రాగానే, అందులో ఏమేం నింపి పంపారో అన్న అనుమానంతో విండోస్ తుడిచేసి మళ్లీ ఎక్కించా. ఇంటర్నెట్ తగిలించకుండా ఎక్కించా. డ్రైవర్ సంగతి మర్చిపోయి నేరుగా సినిమా పెట్టా. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశాక అదే సినిమాకి సీపీయూ 12 శాతం. సగం రివ్యూ అక్కడే చెత్తబుట్టలోకి పోయింది.

లైనక్స్ వాడేవాళ్లు వీఏఇన్ఫో అనే కమాండ్ కొట్టండి. మీ చిప్ ఏయే ఫార్మాట్లు విప్పగలదో వరసగా చెప్తుంది.

డ్రైవర్ ఉన్నా సరే, చిప్‌కి రాని భాష అంటూ ఒకటి ఉంటుంది. భాష అంటే వీడియోని నొక్కిపెట్టే పద్ధతి, కోడెక్ అంటారు. హెచ్.264, హెచ్ఈవీసీ, ఏవీ1 ఇవన్నీ అలాంటివే. పాత పెట్టెలు వాడేవాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. హెచ్.264 దాదాపు అన్నిటికీ వచ్చు. 4కె సినిమాల్లో ఎక్కువగా కనిపించే 10 బిట్ (అంటే రంగుల్ని ఇంకా సన్నని తేడాలతో దాచే) హెచ్ఈవీసీ కావాలంటే ఇంటెల్ కోర్ (ఐ3, ఐ5, ఐ7) చిప్‌లలో 7వ తరం నుంచి పూర్తిగా హార్డ్‌వేర్‌లో ఆడుతుంది. కొత్తగా వస్తున్న ఏవీ1 అయితే కోర్‌లో 11వ తరం దాకా ఆగాలి. ఈ ఎన్100కి ఏవీ1 వచ్చు. చాలా మినీ పీసీల్లో కనిపించే జే4125 సెలెరాన్‌కి హెచ్ఈవీసీ వచ్చు, ఏవీ1 రాదు. ఒకే ఫోల్డర్‌లో ఒక సినిమా వెన్నలా ఆడి, పక్కది నత్తలా పాకుతోందంటే ముందు ఈ తేడా చూడండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో టూల్స్ కింద కోడెక్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ఫైల్ ఏ రకమో కనిపిస్తుంది. పక్కనే స్టాటిస్టిక్స్‌లో ఎన్ని ఫ్రేములు పోయాయో లెక్క కూడా ఉంటుంది.

ఒక చిత్రం ఏంటంటే, 10 బిట్ హెచ్.264 అని ఒక రకం ఉంది, యానిమే చూసేవాళ్లకి బాగా తెలుసు. దాన్ని ఈ కొత్త చిప్ డీకోడర్ కూడా ముట్టదు. సీపీయూనే విప్పుకోవాలి. 1080పీ అయితే ఎన్100 లాగేస్తుంది, ఫ్యాన్ కాస్త గోల చేస్తుంది అంతే.

యూట్యూబ్ సంగతి. అక్కడ 1080పీ దాటితే హెచ్.264 ఉండదు, వీపీ9 అనే ఇంకో కోడెక్ గానీ ఏవీ1 గానీ వస్తుంది. వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" నొక్కండి. కోడెక్ పేరు, డ్రాప్ అయిన ఫ్రేములు రెండూ కనిపిస్తాయి. మీ చిప్‌కి ఏవీ1 రాకపోయినా బ్రౌజర్ అదే తెచ్చుకుంటుంటే, హెచ్264ఐఫై లాంటి ఎక్స్‌టెన్షన్‌తో హెచ్.264కి దింపచ్చు. అప్పుడు 1080పీతో సరిపెట్టుకోవాలి. ఆగి ఆగి వచ్చే 4కె కన్నా గుక్క తిప్పుకోకుండా ఆడే 1080పీ నాకు వెయ్యి రెట్లు నయం. అలాగే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూడండి. ఎప్పుడో ఏదో సమస్యకి ఆఫ్ చేసి మర్చిపోయి ఉంటారు.

సరే, డ్రైవర్ వేశా. సీపీయూ ఖాళీ. ఒక్క ఫ్రేమ్ కూడా డ్రాప్ అవ్వట్లేదు. అయినా ఆ కొండ షాట్‌లో చెట్లు ఇంకా గెంతుతూనే ఉన్నాయి! నన్ను ఎక్కువసేపు తిప్పలు పెట్టింది ఇదే. మొదట్లో చూసింది రెండు జబ్బులు కలిసిన షాట్ అని అప్పుడు అర్థమైంది. బొమ్మ ఆగి, మాట ముందుకెళ్లడం ఒకటి. అది డ్రైవర్‌తో పోయింది. ఆగకుండానే సన్నగా అదురుతూ ఉండటం రెండోది.

సినిమాలు సెకనుకి 24 ఫ్రేములు. డిజిటల్ కాపీల్లో కచ్చితంగా చెప్పాలంటే 23.976. మన టీవీ, పీసీ మామూలుగా 60 హెర్ట్జ్‌లో ఉంటాయి, అంటే సెకనుకి 60 సార్లు తెరని కొత్తగా గీస్తాయి. 60ని 24తో భాగించండి, రెండున్నర వస్తుంది. ఫ్రేమ్‌ని రెండున్నర సార్లు చూపించలేం కదా. అందుకని ఒకటి మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు చూపిస్తారు. ఒకటి 50 మిల్లీసెకన్లు నిలబడితే పక్కది 33. ఒక అడుగు పొడుగ్గా, ఒక అడుగు పొట్టిగా వేస్తూ నడిస్తే ఎలా ఉంటుందో అలా. మనుషులు మాట్లాడుకునే సీన్‌లో ఏమీ తెలీదు. కెమెరా మెల్లగా తిరిగితే మాత్రం బయటపడిపోతుంది.

దీనికి కొత్త పెట్టె కొన్నా లాభం లేదు. టీవీని సినిమాతో పాటు 23.976కి మార్చాలి, అంతే. సినిమాలు ఆడించడానికి నేను వాడే యాప్ కోడి. కూత పెట్టే కోడి కాదండీ, ఒకప్పుడు ఎక్స్‌బీఎమ్‌సీ అనేవారు, 2014లో పేరు మార్చారు. అందులో సెట్టింగ్స్, ప్లేయర్, వీడియోస్‌లోకి వెళ్తే "అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్" అని ఉంటుంది. కనిపించకపోతే కింద మూలన లెవల్‌ని ఎక్స్‌పర్ట్‌కి మార్చండి. దాన్ని "ఆన్ స్టార్ట్ స్టాప్"లో పెడితే సినిమా మొదలవగానే టీవీ ఒక్క క్షణం నల్లబడి కొత్త వేగానికి మారుతుంది. ఆ నలుపు చూసి కంగారు పడకండి. చేత్తో మార్చుకునేవాళ్లు 24 కాకుండా 23.976 ఎంచుకోండి. 24లో పెడితే దాదాపు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ రెండోసారి కనిపించి చిన్న కుదుపు వస్తుంది. చాలామంది కంటికి ఆనదు. నా కంటికి ఒకసారి ఆనింది, ఇక సినిమా వదిలేసి దానికోసమే కాచుక్కూర్చున్నా. అన్నట్టు, సినిమా ఆడుతుండగా కీబోర్డ్‌లో ఇంగ్లిష్ O అక్షరం నొక్కితే, హార్డ్‌వేర్ డీకోడర్ పని చేస్తుంటే దాని పేరు పక్కన హెచ్‌డబ్ల్యూ అని చూపిస్తుంది. టాస్క్ మేనేజర్ అక్కర్లేదు.

పాత పెట్టెలకి ఇంకో చిక్కు ఉంది. హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్ట్ 4కెని 30 హెర్ట్జ్ వరకే ఇస్తుంది. మౌస్ కర్సర్ కూడా ఈడ్చుకుంటూ వస్తోందంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ అంకె చూడండి. 30 ఉంటే డెస్క్‌టాప్‌ని 1080పీ 60కి దించేయండి, ప్రాణం సుఖంగా ఉంటుంది.

మూడో జబ్బు రెండో రోజు బయటపడింది. పెద్ద ఫైళ్లు వేరే గదిలో ఉన్న కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ మీదుగా వస్తాయి. ఫైట్ సీన్ రాగానే బఫరింగ్ చక్రం. అదే ఫైల్‌ని పెట్టె లోపలి డిస్క్‌లోకి కాపీ చేసి ఆడించా, గడగడా ఆడింది. ఈ ఒక్క టెస్ట్ చేస్తే చాలు, లోపం ఫైల్ వచ్చే దారిలో ఉందో పెట్టెలో ఉందో తేలిపోతుంది. ఈథర్నెట్ ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ చూస్తే 100 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) అని ఉంది. రెండు వైపులా గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ పోర్టులే! కేబుల్ తీసి ప్లగ్ దగ్గర లైట్ వేసి చూశా. ఎనిమిది తీగల్లో గోధుమ రంగు తీగ చివరిదాకా రాలేదు, మధ్యలోనే ఆగిపోయింది. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒక్కటి తెగినా చాలా పరికరాలు నాలుగు తీగలతో నడిచే 100కి దిగిపోతాయి, ఒక్క ముక్క ఎర్రర్ కూడా చెప్పవు. అల్ట్రా హెచ్‌డీ బ్లూరే సినిమా బిట్‌రేట్, అంటే సెకనుకి పంపాల్సిన డేటా, 128 ఎంబీపీఎస్ దాకా వెళ్లచ్చు. మాటల సీన్‌లో సరిపోయిన దారి ఫైట్‌లో ఇరుకైపోయింది. కేబుల్ మార్చా, చక్రం పోయింది.

వైఫై వాడేవాళ్లు 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పక్కనే ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చెడిపోతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. టీవీ వెనక సరిగ్గా మనం అలాగే అంటించి పెడతాం కదా.

వేడి గురించి ఒక్క మాట. అరగంట బాగా ఆడి ఆ తర్వాత మొరాయిస్తే వేడి మీద అనుమానపడండి. దుమ్ము దులపండి, గాలి ఆడేచోట పెట్టండి.

ఇక పెట్టె మీద నా మాట. ఇంట్లో సినిమాలు చూడటానికి ఇది చాలు, నేను వెనక్కి పంపట్లేదు. నచ్చనివి రెండున్నాయి. నిశ్శబ్దంగా ఉండే సీన్లలో ఫ్యాన్ సన్నగా కూస్తుంది, సోఫా దాకా వినిపిస్తుంది. రెండోది, హెచ్‌డీఆర్ (వెలుగు, చీకట్ల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి) లేని టీవీకి హెచ్‌డీఆర్ సినిమా రంగులు మార్చి పంపేటప్పుడు ఈ బుల్లి గ్రాఫిక్స్‌కి ఆయాసం వస్తుంది. అలాంటి టీవీ ఉంటే మామూలు ఎస్‌డీఆర్ కాపీలే పెట్టుకోండి.

మొదట్లో చూపించిన కొండ షాట్ మళ్లీ పెడుతున్నా. అదే ఫైల్, అదే టీవీ, అదే పెట్టె. నేనేం మాట్లాడను, చెట్లని చూడండి.