మంచి ఎలక్ట్రీషియన్‌ని సూపర్‌వైజర్ చేస్తే సరిపోతుందా?

[తెర మీద: తెరిచి ఉన్న డీబీ (కరెంటును సర్క్యూట్లకు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు). 20 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే సప్లై ఆపేసే స్విచ్), దాని నుంచి దిగుతున్న 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు]

నమస్కారం. "కుర్రాడు పని బాగా చేస్తాడు, ఇక సైట్ అతనికి అప్పజెప్పేద్దాం." ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లలో చాలామంది ఇలాగే సూపర్‌వైజర్‌ని తయారు చేస్తారు. కొన్నాళ్లకు మాట మారుతుంది: "పోస్టు ఇచ్చాక పనికిరాకుండా పోయాడు." ఈ రెండో మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ మనిషికి కావలసింది మనం ఇవ్వలేదు, తప్పు మాత్రం అతని ఖాతాలో రాస్తున్నాం.

తెర మీద ఉన్న ఎంసీబీ చూడండి. మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. వైరు ముట్టుకోకుండా 20 పీకేసి 32 పెట్టామనుకోండి. ట్రిప్ ఆగుతుంది, వైరు కాలడం మొదలవుతుంది. మీ హెల్పర్ ఈ పని చేస్తే మీరు ఊరుకోరు కదా? సూపర్‌వైజర్ పోస్టు ఇచ్చేటప్పుడు మనం చేస్తున్నది అదే. హోదా 32కి పెంచాం. కింద వైరు, అంటే ఆ పనికి కావలసిన నేర్పు, 2.5 దగ్గరే ఉంది.

మరి ఆ నేర్పు ఏది? కాండ్యూట్ (వైర్లు వెళ్లే గొట్టం) వంచడం, డీబీ డ్రెస్సింగ్ (లోపలి వైర్లు పొందికగా సర్దడం), ఫాల్ట్ పట్టుకోవడం అతనికి ముందే వచ్చు. సూపర్‌వైజర్ రోజంతా చేసేవి వేరు: డ్రాయింగ్ చూసి ఎంత మెటీరియల్ కావాలో లెక్క తీయడం, ఎవరికి ఏ పనో ముందురోజే తేల్చడం, గంటల లెక్క, ఎదుటివాడి పనిని పరీక్షించి తప్పు చెప్పడం. ఇవేవీ ప్లయర్ పట్టుకుంటే రావు. విడిగా నేర్పాలి.

మెటీరియల్ తీయడమే తీసుకోండి. కొత్త సూపర్‌వైజర్ డ్రాయింగ్ మీద స్కేలు పెట్టి అడ్డంగా కొలుస్తాడు. పైనుంచి స్విచ్ బోర్డుకి దిగే డ్రాప్ ఆ కొలతలో ఉండదు. సీలింగ్ 3 మీటర్లు, బోర్డు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటే డ్రాప్ 1.8 మీటర్లు. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడు వైర్లే దిగినా 5.4 మీటర్లు. ఫ్లోర్‌లో 40 బోర్డులుంటే 216 మీటర్లు. అంటే 100 మీటర్ల కాయిల్స్ రెండు ఎక్కువ తెప్పించినా ఇంకా తక్కువే, బాక్సుల్లో కనెక్షన్ కోసం అదనంగా వదిలే వైరు చివరల (టెయిల్స్) సంగతి పక్కన పెట్టినా. వైరు అయిపోయిన రోజు జట్టంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది, దానికి "మనుషులు పని చేయట్లేదు" అని పేరు పడుతుంది. అందుకే పోస్టు ఇవ్వకముందే ఒక్క ఫ్లోర్ లెక్క అతని చేత తీయించండి. మీరు విడిగా తీయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడొచ్చిందో చూపించండి. ఇలా మూడు ఫ్లోర్లు చేయిస్తే డ్రాప్‌లు మర్చిపోవడం దాదాపు ఆగిపోతుంది.

[తెర మీద: ఒకే కాండ్యూట్‌లో మూడు సర్క్యూట్లు]

మళ్లీ మన వైరు దగ్గరికి వద్దాం. 2.5 స్క్వేర్ ఎంఎం పీవీసీ రాగి వైరు, గోడ మీద కాండ్యూట్‌లో ఒక్కటే సర్క్యూట్, చుట్టూ 30 డిగ్రీలు ఉంటే ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ప్రమాణాల సంస్థ) పట్టిక ప్రకారం 24 ఆంప్స్ మోస్తుంది. అదే కాండ్యూట్‌లో మూడు సర్క్యూట్లు నడిస్తే 0.70తో గుణించాలి. 16.8కి దిగిపోతుంది. ఇప్పుడు 20 ఎంసీబీ కూడా ఆ వైరుని కాపాడలేదు. వైరు మారలేదు, దాని చుట్టూ వేడి మారింది. ఒక సైట్ చక్కగా నడిపిన మనిషికి మూడు సైట్లు ఇచ్చినా ఇదే జరుగుతుంది. చాలా సమయం దారిలోనే పోతుంది, మూడు చోట్లా సగం సగం చూస్తాడు. రెండో సైట్ ఇచ్చే ముందు మొదటి సైట్‌లో అతని బదులు చూసే మనిషి ఉన్నాడా? లేకపోతే ఇవ్వకండి.

ఇక కింది స్థాయి. "చూస్తూ చూస్తూ నేర్చుకుంటాడులే" అనే మాటతో నాకు పెద్ద పేచీ. హెల్పర్ చూసి నేర్చుకునేది చేతి కదలిక మాత్రమే, కారణం కాదు. త్రీ ఫేజ్ డీబీలో ఇన్‌కమింగ్ న్యూట్రల్ స్క్రూ వదులుగా ఉంటే ఏమవుతుందో అతనికి ఎవరు చెప్పారు? న్యూట్రల్ తెగితే మూడు ఫేజ్‌ల మీద లోడు సమానంగా లేనప్పుడు, తక్కువ లోడున్న ఫేజ్ వోల్టేజ్ 230 దాటి 400 వైపు పోతుంది, ఆ ఫేజ్ మీద ఉన్న పరికరాలు కాలిపోతాయి. ఇది తెలిసిన కుర్రాడు ఆ స్క్రూ దగ్గర రెండోసారి ఆగుతాడు.

కాబట్టి డీబీ టెర్మినేషన్, అంటే వైరు చివరని డీబీలో బిగించడం, నేర్పే పద్ధతి చెప్తాను. మొదట సూపర్‌వైజర్ చేస్తూ ఎందుకో పైకి చెప్పాలి: ఇన్సులేషన్ ఎంత ఒలవాలి, ఎక్కువైతే రాగి బయట కనిపిస్తుంది, తక్కువైతే స్క్రూ ఇన్సులేషన్ మీద కూర్చుని కాంటాక్ట్ రాదు. మెత్తటి మల్టీ స్ట్రాండ్ వైరైతే పిన్ లగ్ (పోగుల్ని కలిపి పట్టే లోహపు తొడుగు) ఎందుకు వేయాలో చెప్పాలి. టార్క్ విలువ, అంటే స్క్రూ ఎంత బలంతో బిగించాలో, తయారీదారు ఇచ్చిందే, చేతి అంచనా కాదు. వదులైతే వేడెక్కుతుంది, మితిమీరి బిగిస్తే పోగులు తెగుతాయి. తర్వాత కుర్రాడు చేస్తాడు, ఈసారి కారణాలు అతను చెప్పాలి. మూడోసారి ఒంటరిగా చేస్తాడు, సూపర్‌వైజర్ ప్రతి వైరూ లాగి చూస్తాడు. నాలుగోది చాలామంది వదిలేస్తారు: అతని చేత ఇంకొకరికి నేర్పించాలి. ఎక్కడ తడబడ్డాడో అక్కడే అతనికి రాదని తెలిసిపోతుంది.

ఇదంతా డెడ్ డీబీ మీద, అంటే సప్లై పూర్తిగా తీసేసిన దాని మీద. డెడ్ అని తేల్చే విషయంలో మాత్రం ఎవరి సీనియారిటీకీ మినహాయింపు లేదు. ఆఫ్ చేయాలి, తాళం వేయాలి, ట్యాగ్ కట్టాలి. సప్లై ఉన్న చోట టెస్టర్ పని చేస్తోందో చూసుకుని, ఇక్కడ పరీక్షించి, మళ్లీ సప్లై ఉన్న చోట చూసుకోవాలి. సింగిల్ ఫేజ్‌కి మూడు కొలతలు, త్రీ ఫేజ్‌కి ఫేజ్‌ల మధ్య, న్యూట్రల్‌తో, ఎర్త్‌తో కలిపి పది. "మెయిన్ ఆఫ్ చేశావా?" "ఆ, చేశానన్నా." ఈ మాట మీద పని మొదలుపెట్టే సైట్‌లో శిక్షణ గురించి మాట్లాడటం అనవసరం.

[తెర మీద: గోడకి అతికించిన పట్టిక. నిలువుగా పేర్లు, అడ్డంగా పనులు]

నేర్పినదంతా ఇక్కడ రాయాలి. 0 అంటే చూడలేదు, 1 చూశాడు, 2 పక్కన మనిషి ఉంటే చేస్తాడు, 3 ఒంటరిగా చేస్తాడు, 4 నేర్పగలడు. అంకె పక్కన తేదీ, ఏ పని మీద చూశారో రాయండి, లేకపోతే ఇష్టమైనవాళ్లందరికీ 3లు పడతాయి. ఒక పని నిలువు వరుసలో 3 లేదా 4 ఒక్కరికే ఉంటే, ఉదాహరణకి మెగ్గర్ టెస్టింగ్ (ఇన్సులేషన్ పరీక్ష), వచ్చే నెల శిక్షణ దానిమీదే. ఆ ఒక్కడూ సెలవు పెడితే మీ హ్యాండోవర్ ఆగిపోతుంది.

టైమ్ దగ్గరపడింది, మిగతావి వేగంగా చెప్తాను.

గంటల లెక్క. 60 పాయింట్లు (లైటు, ఫ్యాను, సాకెట్ లాంటివి), ఒక్కోటి 45 నిమిషాలని వేసుకుంటే మొత్తం 45 గంటలు. 30 గంటలు అయ్యేసరికి 40 పాయింట్లు అయిపోవాలి. 30 మాత్రమే అయ్యాయంటే ఇదే వేగంతో 60 గంటలు పడుతుంది. ఈ లెక్క సూపర్‌వైజర్ వారం వారం వేయాలి, బిల్లు పెట్టేటప్పుడు కాదు. గంటలు ఎక్కడ పోయాయో కూడా రాయాలి: మెటీరియల్ కోసమా, డ్రాయింగ్ కోసమా, గోడ రెడీ కాలేదా, చేసిందే మళ్లీ చేశారా.

ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు సూపర్‌వైజర్ కూడా పని చేయొచ్చు. ఆరుగురున్నా రోజంతా అతనే కాండ్యూట్ బిగిస్తుంటే మిగతావాళ్లు ఏం చేయాలో తెలియక ఆగుతారు. టూల్స్ వదలమని మీరే స్పష్టంగా చెప్పాలి.

తప్పు అదే రోజు, ఆ బోర్డు దగ్గరే, పక్కకు పిలిచి చెప్పించండి. "నీకు ఎన్నిసార్లు చెప్పాలి" అంటే ఏమీ అర్థం కాదు. "ఈ ఎర్త్ వైరు ఒలిచేటప్పుడు రెండు పోగులు తెగాయి, మళ్లీ చెయ్, నేను చూస్తా" అంటే అర్థమవుతుంది.

చివరిది, జీతం. ఫాల్ట్ పట్టడంలో, ప్యానెల్ పనిలో, టెస్టింగ్‌లో గట్టి మనిషికి మనుషుల్ని నడపడం ఇష్టం లేకపోవచ్చు. జీతం పెరగాలంటే సూపర్‌వైజర్ అవ్వడమే దారి అయితే అతను అయిష్టంగా ఒప్పుకుంటాడు, మీరు ఒక మంచి టెక్నీషియన్‌ని పోగొట్టుకుంటారు. సాంకేతిక పనికి విడిగా ఒక పై మెట్టు పెట్టండి, దాని జీతం సూపర్‌వైజర్ జీతానికి దీటుగా ఉండాలి. ఏ మెట్టుకి పట్టికలో ఏ పనుల్లో 3 రావాలో ముందే రాసి అందరికీ చూపించండి, హెల్పర్‌కి కూడా, చేరిన మొదటి వారంలోనే.