గోల కాదు, లెక్క: ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’లో ఆ 32 దెబ్బలు

రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బ్యాలే (నృత్య నాటకం) ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ పేరెత్తితే చాలు, అందరూ ఒకటే కథ చెప్తారు. 1913 మే 29, పారిస్, సంగీతం భరించలేక జనం గొడవ చేశారని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మరుసటి ఏప్రిల్‌లో అదే ఊళ్లో, ఆర్కెస్ట్రా నడిపే అదే కండక్టర్ మోంటో నాట్యం లేకుండా ఇదే సంగీతం వినిపిస్తే, స్ట్రావిన్‌స్కీని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. మరి తప్పు సంగీతానిదేనా?

సరే, అందరూ గోల అనే చోటుకే వెళ్దాం. పరిచయ భాగం అవగానే తీగ వాద్యాలు ఒకే కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) పట్టుకుని దంచుతాయి.

[కీబోర్డ్ దగ్గర]

ఎడమ చేత్తో ఇ మేజర్ అనే కార్డ్. ఎంత హాయిగా ఉందో చూడండి. కుడి చేత్తో ఇ ఫ్లాట్ సెవెన్త్. ఇదీ మామూలుదే. రెండూ కలిపితే... అదీ! రెండు కార్డ్‌ల మూల స్వరాలూ పక్కపక్క మెట్లు, అందుకే ఆ రాపిడి.

కానీ నాకు ప్రాణం ఈ కార్డ్ కాదు, దాని మీద పడే దెబ్బలు. ఆది తాళం వేయండి: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఈ ఎనిమిదీ క్రియలు. క్రియకు నాలుగు చొప్పున లెక్కపెట్టండి. 32 వస్తాయి కదా? ఇక్కడ మొదటి ఎనిమిది బార్లు, అంటే సంగీతపు రాతలో గడులు, అన్నీ కలిపి సరిగ్గా 32. నడక మారదు, కార్డ్ మారదు. హారన్లు అనే ఎనిమిది ఇత్తడి బాకాలు మాత్రం కొన్నిటి మీదే గట్టిగా పడతాయి.

[చప్పట్లతో]

తొమ్మిది ఊరికే పోతాయి. పదోది, ధన్! పన్నెండు, ధన్! రెండూ ఉంగరం వేలు లెక్క లోపలే, కానీ వేలు తాకిన చోట కాదు. 18 కూడా అంతే, పక్కకి జారింది. 21 సరిగ్గా చెయ్యి తిప్పిన చోట, 25 సరిగ్గా అరచేతి దెబ్బ మీద. హమ్మయ్య, దొరికింది అనుకుంటామా, 30 మళ్లీ జారిపోతుంది!

అంటే గట్టిగా పడ్డ ప్రతి చోటా లెక్క కొత్తగా మొదలెడితే వచ్చే ముక్కలు 9, 2, 6, 3, 4, 5, 3. స్ట్రావిన్‌స్కీ ఆది తాళం చూసి రాశాడని నేననడం లేదు. మన ముక్తాయింపు (ముగింపు జతి) ఎంత తిరిగినా ఎత్తుగడకు, అంటే పాట మొదలయ్యే చోటికి, చేరుతుందని చెవికి ఒక ధీమా. ఇక్కడ ఆ ధీమా ఇవ్వడు. ఆ రాత్రి హాల్లో కేకలకి సంగీతం వినపడకపోతే, నృత్యం కూర్చిన నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి డాన్సర్లకు అంకెలు అరిచాడు. ఒట్టి గోలైతే అంకెలతో పనేముంది?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. మొదట్లో బసూన్ (లోతు గొంతుతో పలికే ఊదే వాద్యం) తనకు అలవాటు లేని పై స్థాయిలో పలికేది లిథువేనియా జానపద బాణీ. చివరి బలి నృత్యంలో కొలతే దాదాపు బార్‌కోసారి మారుతుంది, ఆది తాళం పనిచేయదు. అన్నిటికన్నా చిన్న లెక్కను పట్టుకుని రెండులు, మూడులుగా లెక్కపెట్టాలి. దానికి వేరే వీడియో కావాలి.

ముందు ఇవి మీ మోకాలి మీద తడబడకుండా పడనివ్వండి: 10, 12, 18, 21, 25, 30.