గదులు తర్వాత కొలుద్దాం, ముందు గోడ చూడండి

పాత బడి భవనాన్ని ఇంకోదానికి వాడుకుందాం అనగానే అందరూ గదులు కొలుస్తారు, లిఫ్టు ఎక్కడ పెట్టాలో చూస్తారు. గోడ మీది టెర్రకోట, అంటే కాల్చిన మట్టి నగిషీ సంగతి అడిగేవాళ్లు తక్కువ. నేను దాని గురించే మాట్లాడతాను, న్యూయార్క్‌లోని ఒక్క బడిని పట్టుకుని.

మాన్‌హాటన్‌లో, తూర్పు 9వ వీధిలో ఉన్న పబ్లిక్ స్కూల్ 64ని 1906లో కట్టారు. డిజైన్ అప్పట్లో నగర బడుల ఆర్కిటెక్ట్ సి.బి.జె. స్నైడర్‌ది. గాలీ వెలుతురూ బాగా రావాలని ఆయన భవనాన్ని హెచ్ అక్షరం ఆకారంలో వేశాడు, ఇది అందరూ చెప్పేదే. నన్ను కదిలించేది ఇంకొకటి. ఇరుకు అద్దె గదుల్లో బతికే వలస కుటుంబాల పిల్లల బడికి, పైకప్పు కిటికీల చుట్టూ ఫ్రెంచి రాజభవనాల తరహాలో అంత టెర్రకోట అలంకారం చేయించారు!

రాయి అయితే ఒక్కో ముక్కా చెక్కాలి. టెర్రకోటకి శిల్పి ఒక్క నమూనా చేస్తే చాలు, దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు తీసి, మట్టి నొక్కి, ఎన్ని దిమ్మలు కావాలంటే అన్ని కాల్చుకోవచ్చు. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాని ఆ మేరకు పెద్దదిగా చేస్తారు, లోపల బోలుగా ఉంచి ఇనుప కొక్కేలతో గోడకి బిగిస్తారు. సర్కారు బడికి ఆ అందం అందుబాటులోకి వచ్చింది అలాగే.

బడి మూతపడ్డాక, 1979 నుంచి చారాస్ అనే స్థానిక బృందం దాన్ని కమ్యూనిటీ సెంటర్‌గా నడిపింది. 1998లో నగరం వేలం వేసింది, 2001 చివర్లో వాళ్లని ఖాళీ చేయించారు. 2006 జూన్‌లో భవనానికి ల్యాండ్‌మార్క్ హోదా, అంటే చట్టం కాపాడే చారిత్రక కట్టడం అన్న గుర్తింపు వచ్చింది. నగిషీ తీసేయడానికి హోదాకి ముందే తీసుకున్న పర్మిట్ చేతిలో ఉంది కదా అని, యజమాని అదే ఏడాది ఆ టెర్రకోటని కొట్టించేశాడు. కాగితం ప్రకారం అది చెల్లింది కూడా, నాకు మాత్రం ఇప్పటికీ కోపం తగ్గలేదు.

కొట్టకపోయినా అది పాడవుతుంది. దిమ్మల మధ్య అతుకుల్లోంచి, అంటే దర్జుల్లోంచి నీళ్లు దిగితే కొక్కెం తుప్పుపట్టి ఉబ్బుతుంది, దిమ్మ పగులుతుంది. చెక్క సుత్తితో మెల్లగా తట్టి చూడండి, బాగున్నది ఖంగుమంటుంది, పగిలినదాని మోత మొద్దుగా వస్తుంది. ప్లాన్ గీయకముందే ఈ పరీక్ష చేయించండి. దర్జుల్లో గట్టి సిమెంటు వద్దు, దిమ్మ కన్నా మెత్తని మోర్టార్ పెట్టించండి. నీళ్లు దిగకుండా పైన పూత పూయిస్తామంటే అసలు ఒప్పుకోకండి, లోపలి తడికి బయటికి దారి ఉండదు. పోయిన ముక్కకి బదులు, దాని జత దిమ్మ నుంచి అచ్చు తీసి కొత్తది కాల్పించొచ్చు, ఖర్చు ఎక్కువే.

హోదా కోసం అర్జీ పెట్టేవాళ్లు, ఆ భవనం మీద అప్పటికే ఏ పర్మిట్లు ఇచ్చేశారో ముందు బయటికి తీయించండి.