ఫోన్-ఇన్: కాన్వాస్ బూట్లు సాగుతాయిలే అని కొనకండి

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. బడులు తెరిచే రోజులు వచ్చాయి. ఏ చెప్పుల దుకాణం ముందు చూసినా తెల్ల కాన్వాస్ బూట్ల అట్టపెట్టెలే. పాదరక్షల తయారీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఇప్పుడు కొత్తవారికి ఆ పని నేర్పుతున్న మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. నమస్కారం మాస్టారూ. మొదటి ఫోను ఖమ్మం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (ఖమ్మం): నమస్కారమండీ. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. డ్రిల్లు కోసం ఏటా కాన్వాస్ బూట్లు కొంటాం. మూడు నెలలు తిరిగేసరికి చిటికెన వేలి దగ్గర గుడ్డ చిరుగుతోంది. ఎదిగే పిల్లవాడని ఒక సైజు పెద్దవే తీసుకుంటున్నాం, అయినా అంతే. బూట్లు నాసిరకమా, మావాడి నడకలో ఏదైనా లోపమా?

మాస్టారు: వాడి నడకకు ఏమీ కాలేదమ్మా. చిరుగు ఎప్పుడూ ఒకేచోట వస్తోందంటే నా అనుమానం సైజు మీదే. మన దగ్గర నడిచే అంకెల్లో ఒక సైజు పెంచితే పొడవు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెడల్పు మాత్రం రెండు మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. మీ వాడికి కావలసింది వెడల్పు, మీరు కొంటున్నది పొడవు. అక్కడితో అయిపోలేదు. పాదానికి వేళ్ల మొదట్లో ఒక వెడల్పైన చోటు ఉంటుంది, అడుగు వేసినప్పుడు వంగేది అక్కడే. బూటులోనూ అలాంటి చోటు ఉంటుంది. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. బూటు పొడవైతే పాదం వెనకే ఉండిపోతుంది, బూటు తప్పు చోట మడత పడుతుంది. పరుగెత్తి ఆగినప్పుడల్లా పాదం ముందుకు జారి చిటికెన వేలు ఆ మడతను గుద్దుతుంది. గుడ్డ ఎన్నాళ్లు ఆగుతుంది?

శ్రోత: కాన్వాస్ వాడగా వాడగా సాగుతుందని దుకాణంలో చెప్పారండీ.

మాస్టారు: ఆ మాట నమ్మి ఎందరు కాళ్లు పాడుచేసుకున్నారో! తోలు కాలిని బట్టి సాగుతుంది. నేసిన గుడ్డ కాస్త మెత్తబడుతుందంతే, పొడవులో అసలు సాగదు. కొన్న రోజున నొక్కిన బూటు చిరిగే రోజు దాకా నొక్కుతూనే ఉంటుంది. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. పాశ్చాత్యుల పాదాల కంటే మనవి వెడల్పని తేలింది. మనం మాత్రం ఇంకా వాళ్ల అంకెలతోనే కొంటున్నాం. అబ్బాయి ఇంట్లో ఉన్నాడా?

శ్రోత: పక్కనే ఉన్నాడండీ.

మాస్టారు: నేల మీద పాత పేపరు పరిచి, రెండు కాళ్లూ సమంగా ఆనించి నిలబెట్టండి. కూర్చోబెట్టి కొలిస్తే పాదం పరుచుకోదు. పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీయండి. ఆ గీతల మీద ఇప్పటి బూట్లు పెట్టి చూసి, మళ్లీ ఫోను చేయండి.

వ్యాఖ్యాత: ఎదురుచూస్తామమ్మా. ఇప్పుడు రాజమహేంద్రవరం శ్రోత.

శ్రోత (రాజమహేంద్రవరం): మాస్టారూ, నేను బట్టల దుకాణంలో పని చేస్తాను. పది గంటలు నిలబడే ఉండాలి. తేలికగా ఉంటాయని కాన్వాస్ బూట్లు కొనుక్కున్నాను. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటోంది.

మాస్టారు: అమ్మా, ముందు డాక్టరుకు చూపించండి. లేవగానే మొదటి అడుగుకు మడమ పోటు పెడుతోందంటే అరికాలి లోపల పట్టీలా ఉండే కణజాలం వాచి ఉండవచ్చు. ఇక బూటు సంగతి. ఇలాంటి వాటి అడుగు బల్లపరుపుగా ఉంటుంది, అరికాలి వంపుకు ఆసరా ఉండదు. ఒక పూట తిరగడానికి బాగుంటాయి, పది గంటల నిలుచునే పనికి చాలవు. లోపల మందపాటి మెత్త వేసుకోవచ్చు. కానీ అది వేస్తే బూటు బిగుతవుతుంది, కాబట్టి మెత్తను దుకాణానికి పట్టుకెళ్లి, దానితో సహా వేసుకుని చూసి కొనండి. మధ్యమధ్య కూర్చోవడానికి ఒక స్టూలు అడగండి. అది అడగడానికి మొహమాటపడకండి తల్లీ.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నుంచి ఇంకొకరు.

శ్రోత (హైదరాబాద్): రెండు నెలల క్రితం ఫోనులో చూసి తెప్పించుకున్నానండీ. ముందు వైపు రబ్బరు ఊడి నోరు తెరిచింది. కొనేముందే నాణ్యత తెలుసుకోవడం ఎలా?

మాస్టారు: రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని కనిపెట్టి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు తీసుకున్నాడు. మంచి కాన్వాస్ బూటు నేటికీ ఆ పద్ధతిలోనే తయారవుతుంది బాబూ. గుడ్డను అచ్చు మీద బిగించి, చుట్టూ పచ్చి రబ్బరు పట్టీ అంటించి, బూటు మొత్తాన్ని పొయ్యిలో ఉడికిస్తారు. రబ్బరు, గుడ్డ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. చవకరకంలో ఉత్త జిగురే. చేతిలోకి తీసుకుని వేళ్ల దగ్గర వంచండి, పట్టీ అంచున సన్నని సందు విచ్చుకుంటే పక్కన పెట్టేయండి. నడుము దగ్గర, అంటే అరికాలి మధ్యభాగం వచ్చే చోట, మడతపడే బూటు కూడా వద్దు. లోపల చెయ్యి పెట్టి మడమ దగ్గర కుట్టు తడమండి. వేలికి గరుకుగా తగిలితే రేపు కాలికి బొబ్బే. ఇవన్నీ బొమ్మలో కనబడవు. అందుకని ఫోనులో చూసి తెప్పించుకుంటే, వాపసు గడువు లోపల ఇంట్లోనే ఈ పరీక్షలన్నీ చేయండి.

వ్యాఖ్యాత: వరంగల్ నుంచి ఒక విద్యార్థిని. ఉతికిన ప్రతిసారీ తెల్ల బూట్లకు పసుపు మరకలు వస్తున్నాయట.

మాస్టారు: సబ్బు మిగిలిపోతోందమ్మా. లేసులు తీసి విడిగా ఉతికి, బూట్లను రెండు మూడు నీళ్లలో జాడించు. బ్లీచింగ్ పొడి వద్దు, గుడ్డ బలం పోతుంది. లోపల పాత తెల్లగుడ్డ కుక్కి నీడన ఆరబెట్టు. పేపరు కుక్కితే సిరా అంటుకుంటుంది.

వ్యాఖ్యాత: ఖమ్మం అమ్మగారు మళ్లీ వచ్చారు.

శ్రోత (ఖమ్మం): గీశానండీ. చిటికెన వేలి వైపు గీత బూటు దాటి పావు అంగుళం బయటికి వచ్చింది. ముందు మాత్రం అంగుళంన్నర ఖాళీ. ఎడమ పాదం కుడిదాని కంటే కొంచెం పెద్దది.

మాస్టారు: ఆ కాగితాన్నీ అబ్బాయినీ తీసుకుని సాయంత్రం పూట బజారుకు వెళ్లండి. పగలంతా తిరిగిన కాలు కొంత ఉబ్బుతుంది, ఆ కాలికే కొలత చూడాలి. ఎడమ పాదానికి సరిపోయేవి తీసుకోండి. ముందు చేతి బొటనవేలి వెడల్పంత చోటు మిగిలితే చాలు. వెడల్పు రకం ఉందా అని అడగండి, లేకపోతే ఇంకో దుకాణం చూడండి. ఒకసారి ఆ చిటికెన వేలు చూడండమ్మా, కాయ ఏమైనా కాసిందా?

శ్రోత: కాసిందండీ. గట్టిగా ఉంది. వీడు ఇన్నాళ్లూ చెప్పనే లేదు.

మాస్టారు: ఫోను బాబుకివ్వండి. ఏం బాబూ, నొప్పిగా ఉంటుందా?

అబ్బాయి: ఉంటుంది మాస్టారూ. బూట్లంటే అంతేననుకున్నాను.

మాస్టారు: కాదు నాన్నా. కొత్తవి వేసుకుని దుకాణంలోనే ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడువు. ఆ వేలికి ఏ కాస్త తగిలినా అక్కడే అమ్మతో చెప్పు. చెబుతావా?

అబ్బాయి: చెబుతానండీ.