ఒక్క ఫోన్ నంబరుతో ఇంటిల్లిపాది వివరాలు: కోవిన్‌పై స్టూడియో చర్చ

(13 జూన్ 2023 సాయంత్రం జరిగిన చర్చ ఇది. మాటలు ఒకదానిమీద ఒకటి పడి వినిపించని చోట చుక్కలు పెట్టాం. వక్తలను వారి వృత్తితోనే సూచించాం.)

సమన్వయకర్త: నమస్కారం. నిన్నటి నుంచి దేశమంతా ఒకటే మాట. టెలిగ్రామ్‌లో ఒక బాట్‌కు, అంటే అడిగినదానికి తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రాంకు, ఫోన్ నంబరు ఇస్తే చాలు, ఆ నంబరు మీద కోవిడ్ టీకాకు నమోదైన వాళ్ల పేర్లు, చూపించిన గుర్తింపు కార్డు నంబరు, టీకా వేసిన కేంద్రం, అన్నీ తెర మీదికి వచ్చాయి. ప్రతిపక్ష నాయకుల వివరాలు కూడా బయటపడ్డాయి. కేంద్ర ఆరోగ్య శాఖ మాత్రం ఈ వార్తలకు ఆధారం లేదని, కోవిడ్ టీకాల నమోదుకు ప్రభుత్వం పెట్టిన కోవిన్ పోర్టల్ పూర్తిగా భద్రమని అంటోంది. ఇవాళ మనతో ఒక హైకోర్టు న్యాయవాది, టీకాల కార్యక్రమాన్ని జిల్లాలో దగ్గరుండి నడిపిన ఒక విశ్రాంత వైద్యాధికారి, ఒక సైబర్ భద్రతా నిపుణురాలు ఉన్నారు. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. ముందుగా నా ప్రశ్న. ఎవరు ఫోన్ చేసి అడిగినా ఓటీపీ చెప్పేసే అలవాటు మనకు ఉంది. తప్పు మనలోనూ లేదా?

న్యాయవాది: ఆ ప్రశ్న దగ్గరే నాకు అభ్యంతరం. బాట్ ఓటీపీ అడగలేదండీ! నంబరు అడిగింది, జవాబు ఇచ్చింది. ఇందులో పౌరుడు చేసిన తప్పు ఏది? టీకా వేయించుకోవడమా?

సమన్వయకర్త: నేను మొత్తంగా జాగ్రత్త గురించి...

న్యాయవాది: చెప్పనివ్వండి. 2021 మే ఒకటి నుంచి 18 నుంచి 44 ఏళ్ల వారికి టీకా కావాలంటే ముందుగా కోవిన్‌లో నమోదు కావాల్సిందే. ఫోను లేనివాడి గతి ఏమిటని సుప్రీంకోర్టు ఆ నెలాఖరులో ప్రభుత్వాన్ని నిలదీసింది. నేరుగా వెళ్లినవారికి టీకా వేయడం ఆ నెల 24 తర్వాతే, అదీ ప్రభుత్వ కేంద్రాల్లోనే మొదలైంది. చుట్టూ మనుషులు ఆక్సిజన్ అందక పోతుంటే, వివరాలు ఇస్తారా ఇవ్వరా అని అడిగితే ఎవరు కాదంటారు? దాన్ని సమ్మతి అనకండి. ప్రాణభయంతో ఇచ్చింది అది.

విశ్రాంత వైద్యాధికారి: ఒక్క మాట. భయపెట్టి తీసుకున్నట్టు మాట్లాడితే అన్యాయం. 220 కోట్ల డోసులు వేశాం. ఎవరికి ఏ టీకా వేశామో, రెండో డోసు ఎప్పుడో రాసుకోకుండా ఎలా వేయగలం? ఆధార్ తప్పనిసరి కాదు. ఓటరు కార్డు, పాస్‌పోర్టు, పింఛను పుస్తకం, ఏది తెచ్చినా తీసుకున్నాం. ఆధార్ ఉండి తీరాలన్న నిబంధన లేదని ప్రభుత్వం సుప్రీంకోర్టుకే చెప్పింది.

న్యాయవాది: కోర్టుకు చెప్పారు. మీ శిబిరం దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లకు చెప్పారా?

విశ్రాంత వైద్యాధికారి: జనం తమంతట తామే ఆధార్ తెచ్చారు...

న్యాయవాది: ఇంకేమీ చెల్లదని అనుకుని తెచ్చారు!

సమన్వయకర్త: సరే సరే. మేడమ్, మీరు సాంకేతికంగా వివరించండి. అసలు కోవిన్‌లోకి దొంగ ఎలా వెళ్తాడు?

సైబర్ నిపుణురాలు: వెళ్లాడని ఇప్పుడే తేల్చలేం. ఆ తలుపులు ఎన్నో ముందు చూద్దాం. ఆరోగ్య శాఖ ప్రకటన ప్రకారమే మూడు ఉన్నాయి. ఒకటి మనది. ఫోనుకు ఓటీపీ వస్తే మన వివరాలు మనం చూసుకుంటాం. రెండోది టీకా వేసే సిబ్బందిది. మూడోది బయటి యాప్‌లది, ఏపీఐ అంటాం. ఒక వ్యవస్థ ఇంకో వ్యవస్థను సమాచారం అడిగే కిటికీ అనుకోండి. మొదటి తలుపుకు ఓటీపీ తాళం ఉంది. నా దృష్టి రెండో దాని మీద. సిబ్బంది లాగిన్ అయిన ప్రతిసారీ నమోదు అవుతుందని శాఖ చెబుతోంది. మంచిదే. ఆ నమోదును రోజూ చూసేవారు ఎవరు? అర్ధరాత్రి రెండు గంటలకు ఒకే లాగిన్ నుంచి వేలమంది వివరాలు అడిగితే ఎక్కడైనా గంట మోగుతుందా? ఇది...

న్యాయవాది: మూడో తలుపు సంగతి నేను చెబుతాను. అదే ప్రకటనలో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి లాంటి సంస్థలతో కొన్ని ఏపీఐలు పంచుకున్నామని రాశారు. వాటిలో ఒకటి ఫోన్ నంబరు ఇస్తే చాలు వివరాలు ఇస్తుందన్న మాట వచ్చిందనీ రాశారు. అంటే ఓటీపీ లేని కిటికీ...

సైబర్ నిపుణురాలు: పూర్తిగా చదవండి. ముందే అనుమతి ఇచ్చిన చోటు నుంచి అడిగితేనే అది జవాబిస్తుందని కూడా ఉంది.

న్యాయవాది: అనుమతి ఇచ్చిన చోటికి ఎవడైనా చొరబడితే?

సైబర్ నిపుణురాలు: అదే నేను అడగబోయాను, మీరు ఆపకపోతే.

సమన్వయకర్త: అంటే చివరికి ఎవరో ఒకరు తాళం చెవి ఇచ్చారు. అందుకే నేను ఓటీపీ గురించి అంటున్నాను. డాక్టర్ గారూ, గ్రామాల్లో ఓటీపీలు ఎవరు చెప్పేవారు?

విశ్రాంత వైద్యాధికారి: గ్రామంలో ఏం జరిగిందో చెబుతాను, అప్పుడు ఎవరిని తప్పుపట్టాలో మీరే చూడండి. పొద్దున ఎనిమిదికి బడిలో శిబిరం. పది దాటేసరికి రెండు వందల మంది. సిగ్నల్ ఉండదు. ఏఎన్‌ఎం, అంటే ఊరి నర్సమ్మ, పుస్తకంలో రాసుకుని, రాత్రి ఇంటికి వెళ్లి పిల్లలకు అన్నం పెట్టి, అప్పుడు కూర్చుని ఎక్కించేది. ముసలివాళ్లకు ఫోను లేకపోతే పక్కింటి కుర్రవాడి నంబరు ఇచ్చేవారు. కొన్నిచోట్ల ఆశా కార్యకర్తే తన నంబరు ఇచ్చింది. వాళ్లను దోషులుగా నిలబెడితే నేను ఊరుకోను. వాళ్లు లేకపోతే...

న్యాయవాది: వాళ్లను ఎవరూ అనలేదు! నా వాదనకు మీరే బలం ఇస్తున్నారు. ఒక నంబరు మీద మొదట నలుగురు, 2022 జనవరిలో ఆరుగురి దాకా పెంచారు. ఫోను నంబరు అంటే ఒక మనిషి కాదు, ఒక ఇల్లు. మీరు చెప్పినట్టయితే ఒక వీధి. ఆ నంబరును మనం కూరగాయల బండి దగ్గర చెబుతాం, పెళ్లి పత్రిక మీద వేస్తాం. అంత బహిరంగమైన దాన్ని ఆరోగ్య వివరాలకు తాళం చెవిగా ఎవరు పెట్టారు? వాళ్లను నిలబెట్టండి.

సమన్వయకర్త: మంచి మాట. మందుల దుకాణంలో కూడా నంబరు అడుగుతున్నారు, గమనించారా?

విశ్రాంత వైద్యాధికారి: అది ఇంకా ఘోరం. చక్కెర పరీక్ష చేయించుకున్న మర్నాడే మందుల ప్రకటనలు...

న్యాయవాది: మా అమ్మకు ఒక ప్రైవేటు కేంద్రంలో మోకాలి స్కానింగ్ చేయించాను. పేరు చెప్పను. మూడో రోజు నుంచి మోకాలి ఆపరేషన్ చేస్తామని మూడు చోట్ల నుంచి ఫోన్లు. ఆమె పేరు పెట్టి పిలిచారండీ, ఏ కాలు నొప్పో కూడా చెప్పారు! ఆవిడ బెదిరిపోయి, డాక్టరే చెప్పి ఉంటాడు, ఇంకెప్పుడూ ఆసుపత్రికి రానని కూర్చుంది.

సమన్వయకర్త: రిపోర్టులు వాట్సాప్‌లో పంపడం కూడా ఉంది...

సైబర్ నిపుణురాలు: ఈ దారిలో వెళ్తే కోవిన్ వదిలేస్తాం. కానీ ఆ మోకాలి సంగతికి దగ్గరగా, వివరాలు దొంగిలించకుండానే పోయే తీరు ఒకటి ఉంది. ఆరోగ్య వెబ్‌సైటు తెరిచి చూసినంత మాత్రాన మన సంగతి బయటికి పోవచ్చు. గత నెలలోనే బ్రిటన్‌లో తేలింది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఆసుపత్రులను నడిపే 20 ట్రస్టుల వెబ్‌సైట్లలో ఫేస్‌బుక్ సంస్థ ఇచ్చే చిన్న కోడు ఉందని ఒక పత్రిక బయటపెట్టింది. ఏ పేజీ చూశారు, ఏ బటన్ నొక్కారు అన్నది ఆ సంస్థకు చేరింది. హెచ్‌ఐవీ గురించి చదివినా అంతే. అక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. సైటు నడిపేవాళ్లే పెట్టారు. మన ఆసుపత్రుల సైట్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో...

న్యాయవాది: లండన్ సంగతి తర్వాత. ఇక్కడ చట్టమే లేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2018లో వ్యక్తిగత సమాచార రక్షణపై శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇచ్చింది. 2019లో బిల్లు పెట్టారు, 2022 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. నవంబరులో కొత్త ముసాయిదా. ఆరేళ్లు కావస్తోంది!

విశ్రాంత వైద్యాధికారి: చట్టం అసలే లేదనకండి. 2011 నియమాల్లో వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా చెప్పారు. హెచ్‌ఐవీ రోగుల వివరాలకు 2017 చట్టం ఉంది. మేం దాన్ని పాటించాం.

న్యాయవాది: 2011 నియమాలు కంపెనీలకు, డాక్టర్ గారూ. సమాచార సాంకేతిక చట్టం 43ఏ సెక్షన్ కింద పరిహారం ఇవ్వాల్సింది కంపెనీలు, సంస్థలు. ప్రభుత్వ శాఖ వివరాలు పోగొడితే ఆ సెక్షన్ వర్తించదు. ఇంకా వినండి. కొత్త ముసాయిదాలో ఆ 43ఏను కూడా తీసేస్తున్నారు. జరిమానా 250 కోట్ల దాకా అన్నారు, చాలా గొప్పగా ఉంది. అందులో బాధితుడికి దక్కేది ఏదీ లేదు. పైగా పౌరుడు తన విధులు తప్పితే అతనికే పదివేల జరిమానా! మహమ్మారి వస్తే సమ్మతి ఇచ్చినట్టే భావిస్తారట. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికే ఉంచుకున్నారు.

సమన్వయకర్త: పౌరుడికి విధులు ఉండాలి కదా? చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేస్తాం. ఓటీపీ కూడా...

న్యాయవాది: మళ్లీ ఓటీపీ! (కొంతసేపు ఇద్దరూ ఒకేసారి)... ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న అయిదు సర్వర్లు పోయాయి. ఓపీ చీటీలు చేత్తో రాశారు. అక్కడ ఏ రోగి ఓటీపీ చెప్పాడు?

సైబర్ నిపుణురాలు: అక్కడ జరిగింది రాన్సమ్‌వేర్ దాడి, అంటే డబ్బు కోసం కంప్యూటర్లకు తాళం వేయడం. ఇది వేరు. రెండూ కలిపేస్తే జనానికి తప్పు అర్థమవుతుంది. అక్కడ వివరాలకు తాళం వేశారు, ఇక్కడ...

న్యాయవాది: రోగికి రెండూ ఒకటే!

విశ్రాంత వైద్యాధికారి: ప్రభుత్వ వాదన ఒక్కసారి పూర్తిగా వినండి. పెద్దవాళ్లకు కోవిన్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే అడుగుతారు. బాట్ పుట్టిన తేదీ చూపించిందట. చిరునామాకు అందులో చోటే లేదు. అంటే ఈ సమాచారం వేరే ఎక్కడిదో కావచ్చు కదా? ఆ బాట్ కోవిన్‌ను నేరుగా తాకలేదని సైబర్ దాడులను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ప్రాథమికంగా చెప్పింది. ఇంతకుముందు దొంగిలించిన సమాచారం అయి ఉండవచ్చని కేంద్రమంత్రి కూడా అన్నారు.

న్యాయవాది: ఇంతకుముందు దొంగిలించింది అన్నప్పుడు, ఎక్కడి నుంచి? నేను ఏ కేంద్రంలో టీకా వేయించుకున్నానో, అక్కడ ఏ కార్డు చూపించానో రాసుకున్నది ఎవరు? పాలవాడా? ఒకవైపు ఆధారం లేని వార్త అంటారు, ఒకవైపు పాత దొంగతనం అంటారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

విశ్రాంత వైద్యాధికారి: విచారణ పూర్తికాకముందే...

న్యాయవాది: విచారణ నివేదిక జనం ముందు పెడతారా? ఆ హామీ ఇప్పించండి, నేను ఇప్పుడే మాట్లాడడం ఆపేస్తాను.

సమన్వయకర్త: ఇది బలమైన ప్రశ్న. డాక్టర్ గారి దగ్గర జవాబు లేనట్టుంది.

విశ్రాంత వైద్యాధికారి: నేను పదవీ విరమణ చేసినవాడిని, హామీ నేనెలా ఇస్తాను? నాకు అయిదు నిమిషాలైనా ఇవ్వలేదు మీరు...

సమన్వయకర్త: వస్తాను, వస్తాను. నల్గొండ జిల్లా నుంచి ఒక ప్రేక్షకురాలు ఫోన్‌లో ఉన్నారు. అమ్మా, చెప్పండి.

ప్రేక్షకురాలు: నమస్కారమండి. మా ఆయన నంబరు మీద మేం అయిదుగురం నమోదయ్యాం. మా అత్తగారు, పన్నెండేళ్లు నిండిన మా పాప కూడా. పాపకు బడిలో చూపించిన ఆధారే ఇచ్చాం. మా వివరాలు బయటికి వెళ్లాయో లేదో ఎక్కడ అడగాలి? ఆ నంబరే బ్యాంకుకూ ఉంది. మార్చుకోవాలా?

సమన్వయకర్త: మీరు ఎప్పుడైనా ఎవరికైనా ఓటీపీ చెప్పారా అమ్మా?

ప్రేక్షకురాలు: లేదండి. సెంటరులో చెప్పాను, అడిగితే.

సైబర్ నిపుణురాలు: అమ్మా, కంగారు పడకండి. ఇది నేను చెబుతాను. నంబరు మార్చినంత మాత్రాన బయటికి పోయిన ఆధార్ నంబరు వెనక్కి రాదు. మీరు చేయగలిగింది ఒకటి ఉంది. ఆధార్ సంస్థ సైటులో బయోమెట్రిక్‌ను లాక్...

న్యాయవాది: ఆవిడ ఎందుకు చేయాలండీ? చూశారా, మళ్లీ బాధితురాలికే పని చెబుతున్నాం! ఆవిడ అడిగింది చాలా చిన్న ప్రశ్న. నా వివరాలు పోయాయా అని. ఏదైనా దాడి జరిగితే ఆరు గంటల్లో తమకు చెప్పాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించింది. ఈ తల్లికి ఎన్ని గంటల్లో చెప్పాలో ఎక్కడైనా రాసి ఉందా? పన్నెండేళ్ల పాప వివరాలు అవి. ఆ పిల్లకు యాభై ఏళ్లు వచ్చినా ఆధార్ నంబరు అదే ఉంటుంది...

సైబర్ నిపుణురాలు: ఆవిడకు ఇవాళ రాత్రి ఏం చేయాలో చెప్పనివ్వండి. లాక్ చేయడం రెండు నిమిషాల పని...

న్యాయవాది: రెండు నిమిషాల పని అని ప్రభుత్వం తప్పించుకుంటుంది!

(ముగ్గురూ ఒకేసారి)...

సమన్వయకర్త: సమయం అయిపోయింది. మొత్తం మీద న్యాయవాది గారు లేవనెత్తిన ప్రశ్నలకు ప్రభుత్వం సమాధానం చెప్పాల్సి ఉందని ఈ చర్చలో తేలింది. అలాగే ఓటీపీ విషయంలో మన జాగ్రత్త మనకు...

విశ్రాంత వైద్యాధికారి: తేలిందని మీరెలా అంటారు? నా మాట సగంలో ఆపారు.

సమన్వయకర్త: రేపు మరోసారి కూర్చుందాం సార్. ఇప్పుడు ముఖ్యాంశాలు.

ప్రేక్షకురాలు: హలో... సార్, నంబరు మార్చుకోవాలా, అక్కరలేదా?